ఓ.ఆర్.ఎస్. పానీయం

ఓ.ఆర్.ఎస్. (ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్) అనగా శరీరం కోల్పోయిన నీటిని, లవణాలను నోటి ద్వారా తిరిగి భర్తీ చేయడానికి వాడే ఉప్పు, చక్కెరల మిశ్రమం. దీనిని నిర్ణీత పరిమాణంలో మంచినీటిలో కలిపితే ఓ.ఆర్.ఎస్. పానీయం తయారవుతుంది. ఇంట్లో ఉప్పు, పంచదారలతో చేసుకునే దానిని వాడుకలో "ఉప్పు పంచదార నీళ్ళు" అంటారు. నీళ్ళ విరేచనాలు, కలరా వంటి వ్యాధులలో ఇది ప్రధాన చికిత్స. వేసవిలో చెమట ద్వారా నీటిని, ఉప్పును అధికంగా కోల్పోయేవారికి కూడా దీనిని ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఓ.ఆర్.ఎస్. ఉంది.

ఈ పానీయానికి కావలసిన వస్తువులు దాదాపు ప్రతి వంటింట్లోనూ ఉంటాయి. ఖర్చు లీటరుకు ఒకటి రెండు రూపాయలు మించదు. అయితే దీని గుణమంతా కొలతలో ఉంది. ఉప్పు ఎక్కువైనా, చక్కెర ఎక్కువైనా మేలు చేయవలసిన పానీయమే హాని చేస్తుంది.

వేసవిలో శరీర స్థితి

మనిషి శరీరం తన ఉష్ణోగ్రతను సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుకుంటుంది. బయటి గాలి అంతకంటే వేడెక్కినపుడు శరీరం చల్లబడటానికి మిగిలే ప్రధాన మార్గం చెమట ఆవిరి కావడమే. ఎండలో కష్టపడి పనిచేసే వ్యక్తి గంటకు ఒక లీటరు లేదా అంతకంటే ఎక్కువ చెమటను కోల్పోవచ్చు. చెమటతో పాటు సోడియం, క్లోరైడు కూడా బయటకు పోతాయి. కోస్తా ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వలన చెమట త్వరగా ఆరదు. అందుచేత అక్కడ ఉష్ణోగ్రత కొంత తక్కువగా ఉన్నప్పటికీ ప్రమాదం తక్కువేమీ కాదు.

పోయిన నీరు తిరిగి చేరకపోతే రక్త పరిమాణం తగ్గుతుంది. నోరు ఎండిపోవడం, తలనొప్పి, కళ్ళు తిరగడం, నీరసం, కండరాల నొప్పులు, మూత్రం తగ్గి ముదురు పసుపు రంగులోకి మారడం దీని లక్షణాలు. పసిపిల్లలలో కళ్ళు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, గంటల తరబడి మూత్రం పోయకపోవడం కనిపిస్తాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఏప్రిల్ నుండి జూన్ మొదటి వారం వరకు, ముఖ్యంగా రోహిణి కార్తెలో, వడగాడ్పులు తీవ్రంగా ఉంటాయి. 2003 వేసవిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు మరణించారు. 2015 మే నెల వడగాడ్పులకు దేశవ్యాప్తంగా సుమారు రెండు వేల మంది చనిపోగా, వారిలో అత్యధికులు ఈ రెండు రాష్ట్రాలవారే.

అధిక ప్రమాదంలో ఉన్నవారు

* పసిపిల్లలు: శరీర బరువుతో పోలిస్తే వీరికి నీటి అవసరం ఎక్కువ. దాహాన్ని మాటల్లో చెప్పలేరు.
* వృద్ధులు: వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంటరిగా ఉండేవారిని, మంచం పట్టినవారిని ఇతరులు కనిపెట్టి ఉండాలి.
* ఆరుబయట శ్రమించేవారు: వ్యవసాయ కూలీలు, భవన నిర్మాణ కార్మికులు, ఇటుక బట్టీల కార్మికులు, రిక్షా కార్మికులు, తోపుడు బండ్ల వ్యాపారులు.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు.
* గుండె, మూత్రపిండాల వ్యాధులు, మధుమేహం ఉన్నవారు. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారు.
* నిలువ నీడ లేనివారు, రేకుల ఇళ్ళలో నివసించేవారు.

వీరిలో చాలామందికి కొనుక్కుని తాగే పానీయాలు అందుబాటులో ఉండవు. రోజు కూలీ పోతుందనే భయంతో కొందరు నీటి కోసం కూడా పని ఆపరు. పని చోట మరుగుదొడ్డి లేకపోవడం వలన పలువురు మహిళా కూలీలు కావాలనే నీళ్ళు తక్కువగా తాగుతారు. కాబట్టి చవకైన పానీయం ఉండటంతో పాటు అది పని చేసే చోటికే చేరడం, తాగడానికి విరామం దొరకడం అవసరం.

పనిచేసే విధానం

చిన్న ప్రేగు గోడలోని కణాలపై సోడియంను, గ్లూకోజును కలిపి లోపలికి తీసుకువెళ్ళే ఒక ప్రత్యేక ప్రోటీన్ ఉంటుంది. గ్లూకోజు ఉన్నపుడు సోడియం వేగంగా లోపలికి చేరుతుంది. సోడియం వెంట నీరు కూడా రక్తంలోకి వెళుతుంది. విరేచనాల సమయంలో ప్రేగుల ఇతర మార్గాలు దెబ్బతిన్నా ఈ మార్గం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. పానీయంలో చక్కెర వేయడం రుచి కోసమో, బలం కోసమో కాదని దీనివలన అర్థమవుతుంది. పంచదార జీర్ణమైనపుడు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. కనుక గ్లూకోజు లేనిచోట పంచదార వాడవచ్చు.

చక్కెర మితిమీరితే ప్రేగులోని ద్రవం గాఢత పెరిగి, రక్తంలోని నీరు తిరిగి ప్రేగులోకి వస్తుంది. దీనివలన విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. తియ్యని శీతల పానీయాలు విరేచనాలకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

చరిత్ర

1953లో కలకత్తాకు చెందిన వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి, ఆ ఫలితాలను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించాడు. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రేగులలో సోడియం, గ్లూకోజులు కలిసి ప్రయాణిస్తాయని ప్రతిపాదించాడు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్‌లు తమ సహచరులతో కలిసి జరిపిన పరిశోధనలో, నోటి ద్వారా ఇచ్చే ద్రావణంతో కలరా రోగులకు సెలైను అవసరం బాగా తగ్గుతుందని తేలింది.

దీని విలువ లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో లక్షలాది కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌కు చేరుకున్నారు. సరిహద్దులోని బన్‌గావ్ వద్ద కలరా వ్యాపించింది. ఆసుపత్రిలో సెలైను సీసాలు నిండుకున్నాయి. అక్కడ పనిచేస్తున్న వైద్యుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపిన ద్రావణాన్ని పీపాలలో నింపించాడు. రోగుల బంధువులే దానిని కప్పులతో పట్టి తాగించారు. అంతకు ముందు 30 శాతం వరకు ఉన్న మరణాలు, ఈ చికిత్స పొందినవారిలో 3.6 శాతానికి తగ్గాయి. వైద్య శిక్షణ లేనివారు కూడా ఈ చికిత్స చేయగలరని దీనితో రుజువైంది. మహలనబిస్ 2022లో మరణించాడు. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ పురస్కారం ప్రకటించింది.

1980 నుండి 1990 వరకు బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంటింటికీ తిరిగి తల్లులకు ఈ పానీయం తయారీని నేర్పింది. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీరు అనేవి వారు నేర్పిన కొలతలు. ఈ కార్యక్రమం కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళకు చేరింది. తల్లులు ఎంత బాగా నేర్చుకున్నారో పరీక్షించి, దానిని బట్టి కార్యకర్తలకు వేతనం ఇచ్చేవారు.

ప్రామాణిక మిశ్రమం

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌లు తొలుత సిఫారసు చేసిన ద్రావణంలో ఉప్పు, గ్లూకోజు కొంత ఎక్కువగా ఉండేవి. 2002లో వాటిని తగ్గించి కొత్త మిశ్రమాన్ని ఆమోదించారు. ఒక లీటరు నీటికి అందులో ఉండేవి:

* సోడియం క్లోరైడు (ఉప్పు): 2.6 గ్రాములు
* గ్లూకోజు: 13.5 గ్రాములు
* పొటాషియం క్లోరైడు: 1.5 గ్రాములు
* ట్రైసోడియం సిట్రేటు: 2.9 గ్రాములు
* మొత్తం: 20.5 గ్రాములు

ఈ పొట్లాలు మందుల దుకాణాలలో దొరుకుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను, ఆశా కార్యకర్తల వద్దను ఉచితంగా ఇస్తారు. లీటరు నీటికి సరిపోయే పెద్ద పొట్లాలు, 200 మి.లీ.కు సరిపోయే చిన్న పొట్లాలు రెండూ ఉన్నాయి కనుక, పొట్లంపై రాసిన నీటి కొలతను చూసి కలపాలి. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసు నీటిలో కలపడం ప్రమాదకరం. పొట్లంలోని పొడిని కొంచెం కొంచెంగా విడివిడి గ్లాసులలో వేసుకోవడం కూడా సరికాదు. అలా చేస్తే లవణాల పాళ్ళు మారిపోతాయి.

ఇంటివద్ద తయారుచేసే విధానం

పొట్లం దొరకనపుడు ఈ క్రింది విధంగా తయారు చేసుకోవచ్చు.

* శుభ్రమైన నీరు: 1 లీటరు (200 మి.లీ. గ్లాసుతో 5 గ్లాసులు)
* పంచదార: 6 టీస్పూన్లు (సుమారు 25 గ్రాములు)
* మెత్తని ఉప్పు: అర టీస్పూను (సుమారు 3 గ్రాములు)

టీస్పూను అంటే 5 మి.లీ. పట్టే చెంచా. చెంచాను నింపిన తరువాత పైన తలకొట్టి సమం చేయాలి. కుప్పగా పోసిన చెంచాలో దాదాపు రెట్టింపు పదార్థం పట్టవచ్చు. కళ్ళుప్పు గింజల మధ్య ఖాళీలుంటాయి కనుక చెంచాతో కొలిస్తే తేడా వస్తుంది. దానిని పొడి చేసి వాడాలి.

ముందుగా చేతులను సబ్బుతో కడుక్కోవాలి. నీటిని మరిగించి చల్లార్చి, తరువాత ఉప్పు, పంచదార వేసి పూర్తిగా కరిగే వరకు కలపాలి. రుచి చూసినపుడు ఉప్పదనం కన్నీటి ఉప్పదనాన్ని మించకూడదు. మించితే ఆ నీటిని పారబోసి మళ్ళీ చేయాలి. తయారైన పానీయాన్ని మూతపెట్టి ఉంచి 24 గంటలలోపు వాడాలి. మిగిలితే పారబోయాలి. కలిపిన తరువాత దానిని తిరిగి మరిగించరాదు.

ఇంటి పానీయంలో పొటాషియం, సిట్రేటు ఉండవు. కాబట్టి తీవ్రమైన విరేచనాలలో పొట్లమే మేలు. పొట్లం వచ్చేవరకు ఆగకుండా ఇంటి పానీయంతో మొదలుపెట్టాలి.

సంప్రదాయ పానీయాలు

తెలుగువారి ఇళ్ళలో వేసవి పానీయాలు పూర్వం నుండి ఉన్నాయి. చెమట వలన కలిగే నష్టానికి, తేలికపాటి విరేచనాలకు వీటిలో పలు పానీయాలు ఉపయోగపడతాయి. ఉప్పు లేని పానీయాలకు లీటరుకు సుమారు 3 గ్రాములు, అనగా సమంగా కొలిచిన అర టీస్పూను ఉప్పు కలపాలి.

* మజ్జిగ: పెరుగును బాగా చిలికి, వెన్న తీసి, నీరు ఎక్కువగా కలిపి పలుచగా చేస్తారు. ఉప్పుతో పాటు రుచికి అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేస్తారు. పంచదార అవసరం లేదు. పాలలోని పొటాషియం ఇందులో కొంత లభిస్తుంది.
* గంజి: అన్నం వార్చిన నీటిలో ఉప్పు కలిపి ఇస్తారు. గంజిలోని పిండి పదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. విడిగా ఖర్చు లేని పానీయం ఇది.
* తరవాణి: గంజి లేదా అన్నపు నీటిని కుండలో పులియబెట్టగా వచ్చే పుల్లని తేట. కోస్తా జిల్లాలలో చద్దన్నంతో దీనిని తీసుకోవడం అలవాటు. కుండ శుభ్రంగా లేకపోతే ఇది చెడిపోతుంది.
* అంబలి: రాగి లేదా జొన్న పిండిని ఉడికించి, పలుచన చేసి, మజ్జిగ, ఉప్పు కలిపి తాగుతారు. పొలం పనులకు వెళ్ళేవారికి ఇది ఆహారం, పానీయం రెండూ అవుతుంది.
* నిమ్మరసం: లీటరు నీటికి చెప్పిన ఉప్పు, పంచదారల కొలతలోనే ఒకటి రెండు నిమ్మకాయల రసం పిండుకోవచ్చు. పంచదారను రుచి కోసం పెంచకూడదు.
* కొబ్బరి నీళ్ళు: వీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కనుక ఓ.ఆర్.ఎస్.కు పూర్తి ప్రత్యామ్నాయం కావు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా తాగరాదు.

టీ, కాఫీలు, శీతల పానీయాలు వీటికి బదులు కావు. మద్యం పరిస్థితిని మరింత దిగజారుస్తుంది.

చలివేంద్రాలలో, పని స్థలాలలో తయారీ

వేసవిలో బాటసారులకు ఉచితంగా మంచినీరు అందించే చలివేంద్రాలు తెలుగునాట పాత ఆచారం. చాలాచోట్ల మజ్జిగ కూడా పంచుతారు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని నిర్దేశించింది. ఇటువంటి చోట్ల ఒకేసారి ఎక్కువ పానీయం తయారుచేయడానికి 20 లీటర్ల నీటి క్యాను అనువైన కొలత.

* నీరు: 20 లీటర్లు
* పంచదార: 500 గ్రాములు
* ఉప్పు: 60 గ్రాములు (సమంగా కొలిచిన 10 టీస్పూన్లు)

దీనితో 200 మి.లీ. గ్లాసులు 100 వస్తాయి. పంచదార కిలో 50 రూపాయలు, ఉప్పు కిలో 25 రూపాయలు అనుకుంటే మొత్తం ఖర్చు సుమారు 26 రూపాయల 50 పైసలు. అంటే గ్లాసు 27 పైసలలోపే పడుతుంది.

ఉప్పును, పంచదారను ముందుగా తూచి, ఒక్కొక్క క్యానుకు ఒక్కొక్క పొట్లంగా కట్టి ఉంచుకుంటే రద్దీలో కొలత తప్పదు. క్యానుకు కుళాయి ఉంటే గ్లాసులు, చేతులు లోపల ముంచే అవసరం రాదు. తయారుచేసిన సమయాన్ని క్యానుపై రాయాలి. మట్టికుండలు వాడితే రోజూ కడిగి ఆరబెట్టాలి. మంచినీటి పాత్రను తప్పక వేరుగా ఉంచాలి. దాహానికి మంచినీరు చాలినవారు, ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పినవారు దానిని తాగుతారు.

ఎవరికి ఎంత ఇవ్వాలి

ఎండలో శ్రమించేవారు దాహం వేసేవరకు ఆగకుండా ప్రతి 15-20 నిమిషాలకు ఒక గ్లాసు నీరు తాగాలి. వేళకు భోజనం చేసేవారికి సాధారణంగా ఆహారంలోని ఉప్పు సరిపోతుంది. గంటల తరబడి చెమటోడ్చేవారు, భోజనం సరిగా చేయనివారు, కండరాలు పట్టేసేవారు నడుమ ఓ.ఆర్.ఎస్. లేదా ఉప్పు మజ్జిగ తీసుకోవాలి. ఇంట్లో నీడపట్టున ఉండి, ఆరోగ్యంగా ఉన్నవారికి రోజూ ఓ.ఆర్.ఎస్. అవసరం లేదు.

విరేచనాలు అవుతున్నపుడు, ప్రతి విరేచనం తరువాత ఇవ్వవలసిన మోతాదు:

* 2 సంవత్సరాలలోపు: 50-100 మి.లీ.
* 2 నుండి 10 సంవత్సరాలు: 100-200 మి.లీ.
* అంతకు పైబడినవారు: తాగగలిగినంత

పిల్లలకు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, ఆహారం ఆపకూడదు. పిల్లలకు జింకు మాత్రలు 10 నుండి 14 రోజులు ఇస్తారు. ఆరు నెలలలోపు శిశువుకు ఎండాకాలంలో కూడా తల్లిపాలే చాలు, విడిగా నీరు పట్టనవసరం లేదు. విరేచనాలు అయితే తల్లిపాలతో పాటు పొట్లపు ఓ.ఆర్.ఎస్. ఇచ్చి, వెంటనే వైద్యునికి చూపాలి.

నీరసం అనిపించగానే సెలైను ఎక్కించుకోవడం పల్లెల్లోను, పట్టణాల్లోను కనిపించే అలవాటు. స్పృహలో ఉండి, తాగగలిగి, వాంతులు అదుపులో ఉన్నవారిలో చాలామందికి నోటి ద్వారా ఇచ్చే ద్రావణం సరిపోతుంది. ఒక సెలైను సీసాకు అయ్యే ఖర్చుతో ఇంటి పానీయం ఎన్నో లీటర్లు తయారవుతుంది.

జాగ్రత్తలు

* ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి, ముఖ్యంగా శిశువులలో, మూర్ఛ, మెదడు దెబ్బతినడం వంటి ప్రమాదాలు కలుగుతాయి.
* అధిక రక్తపోటు, గుండె వైఫల్యం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు పానీయాలను రోజువారీ అలవాటుగా తీసుకోరాదు. ఎంత తాగవచ్చో వేసవికి ముందే వైద్యుని అడగాలి.
* మధుమేహం ఉన్నవారు మామూలు దాహానికి నీరు, ఉప్పు మజ్జిగ తీసుకోవచ్చు. విరేచనాలు అయినపుడు మాత్రం చక్కెర ఉందని ఓ.ఆర్.ఎస్. మానరాదు. వైద్య సలహాతో తీసుకోవాలి.
* నీరు కలుషితమైతే పానీయమే కొత్త విరేచనాలకు కారణమవుతుంది.

పేరులో ఓ.ఆర్.ఎస్. ఉన్న పానీయాలు

సాధారణ శీతల పానీయాలలో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రామాణిక ఓ.ఆర్.ఎస్.లో ఉండే 13.5 గ్రాముల గ్లూకోజుతో పోలిస్తే ఇది ఏడు రెట్లకు పైగా ఎక్కువ. చక్కెర అధికంగా ఉన్న కొన్ని డబ్బా పానీయాలు పేరులో "ఓ.ఆర్.ఎస్." అక్షరాలతో చాలాకాలం అమ్ముడయ్యాయి. విరేచనాలు అవుతున్న పిల్లలకు తల్లిదండ్రులు వీటిని మందుగా భావించి పట్టేవారు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై సంవత్సరాల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఈ అక్షరాలను వాడరాదని ఆదేశించింది. కొనేవారు పొట్లంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనట్లు ఉందో లేదో చూసుకోవాలి.

పానీయం సరిపోని స్థితి

వడదెబ్బ ప్రాణాంతకమైన అత్యవసర స్థితి. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరడం లేదా మించడం, మాట తడబడటం, మతి తప్పడం, మూర్ఛ, స్పృహ కోల్పోవడం దీని గుర్తులు. చర్మం పొడిగా ఉండవచ్చు, శ్రమ చేసినవారిలో చెమట పడుతూ కూడా ఉండవచ్చు. ఈ స్థితిలో ముందుగా చేయవలసిన పని శరీరాన్ని చల్లబరచడం. రోగిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లటి నీటితో తడుపుతూ విసరాలి. చంకలలో, మెడపై, గజ్జలలో తడిగుడ్డలు లేదా మంచు ఉంచాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. 108 అంబులెన్సు సేవలు 2005లో హైదరాబాదులో ప్రారంభమయ్యాయి.

స్పృహ లేనివారికి, మగతగా ఉన్నవారికి నోటిలో ఏమీ పోయరాదు. ఆ నీరు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీయవచ్చు. అలాగే ఆగని వాంతులు, మలంలో రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్లలు తాగలేకపోవడం లేదా మగతగా పడి ఉండటం కనిపిస్తే ఇంటి చికిత్సతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తాగగలిగినవారికి దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండాలి.